మూడు వారాల లావు మొహాలు

బస్సు డ్రైవర్ మధ్యాహ్నం మూడింటికి సందు చివరున్న ఫొటో స్టూడియోకి వచ్చి, తన ఫొటోలు నాలుగూ కౌంటర్ మీద పరిచాడు.

“ఇతనెవరండీ?”

ఫొటోగ్రాఫర్ కళ్ళజోడు సవరించుకుని చూశాడు. “మీరే కదా. మొన్న తీశాను.”

“ఆ సంగతి మనిద్దరికే తెలుసు. లైసెన్సు ఆఫీసు గుమాస్తా ఒప్పుకోవట్లేదు. మీ అన్నయ్య ఫొటో తెచ్చావేంటి అంటాడు. నాకసలు అన్నయ్యే లేడు. ఇవాళ నాలుగింటిలోపు సరైన ఫొటో ఇవ్వకపోతే లైసెన్సు గడువు తీరిపోతుంది. రేపట్నుంచి నేను బస్సెక్కాలంటే టికెట్ కొనుక్కోవాలి.”

ఫొటోగ్రాఫర్ కంప్యూటర్లో ఆ ఫొటో తెరిచాడు. తెర మీద డ్రైవర్ ఉన్నది ఉన్నట్టే ఉన్నాడు.

“చూడండి, ఆవగింజంత తేడా లేదు.”

“తెర మీద నేనే. కాగితం మీద మా అన్నయ్య.”

వెనక కూర్చుని ఫొటోలు కత్తిరిస్తున్న భార్య తలెత్తింది. “నేను చెబుతూనే ఉన్నాను. అందరి బుగ్గలూ అంచుల్ని తాకుతున్నాయండీ అంటే, జనం బాగా తింటున్నార్లే అన్నారు.”

మూడు వారాల కిందట పాత సీపీయూ పాడైతే ఆమె తమ్ముడు కొత్తది బిగించాడు. మానిటర్ కూడా మార్చేద్దామన్నాడు. పద్నాలుగేళ్ళుగా మొరాయించనిదాన్ని ఎందుకు మార్చాలని ఫొటోగ్రాఫర్ ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి తెర మీద మొహాలు సన్నగా, పొడుగ్గా కనబడసాగాయి. కెమెరాకు వయసు మీద పడిందనుకున్నాడాయన. ప్రతి మొహాన్నీ మౌస్‌తో పట్టుకుని, సరిగ్గా కనబడేదాకా అడ్డంగా లాగి, ప్రింటు తీశాడు.

భార్య తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది.

“అక్కా, కంప్యూటర్లో రెడీమేడ్ గుండ్రం బొమ్మ ఉంటుంది, దాంతో ఒక సున్నా గీయమను బావని. గుండ్రంగా వచ్చిందా?”

“కోడిగుడ్డు వచ్చిందిరా.”

“అయితే కెమెరా నిక్షేపంగా ఉంది. రిజల్యూషన్ తప్పు. ఇప్పుడున్నది వెడల్పు తెరల కొలత. మీ మానిటర్ దాదాపు చదరం. అందుకే మొహాలు నొక్కుకుపోతున్నాయి. సెట్టింగుల్లో మార్చాలి బావా.”

ఫొటోగ్రాఫర్ జాబితాలో అన్నిటికన్నా పెద్ద అంకె ఎంచుకున్నాడు. తెర నల్లబడింది. ‘పరిధి దాటింది’ అన్న మాట మధ్యలో వెలిగింది. ఆయన చెయ్యి ప్లగ్గు మీదకు వెళ్ళింది.

“బావా, ప్లగ్గు పీకేస్తున్నావు కదూ?”

“నీకెలా తెలుసురా?”

“నువ్వు కాబట్టి. ఏదీ ముట్టుకోకు. పదిహేను సెకన్లాగితే పాత కొలతకు అదే వస్తుంది.”

ఆరో సెకనుకు చెయ్యి మళ్ళీ కదిలింది. డ్రైవర్ ఆ మణికట్టు పట్టుకున్నాడు.

“సిగ్నల్ దగ్గర రోజూ ఇంతకు పదింతలు ఆగుతాను. మీరు పదిహేను ఆగలేరా? లెక్కపెట్టండి, పైకి.”

పదిహేను దగ్గర కోడిగుడ్డు తిరిగొచ్చింది.

“ఈసారి 1280, 1024 అన్నది నొక్కు,” అన్నాడు బావమరిది.

తెర ఒకసారి ఆరి వెలిగింది. భార్య లెన్సు మూత తెచ్చి సున్నా మీద ఆనించింది. చుట్టూ ఒకే ఎడం ఉంది. ఫొటోగ్రాఫర్ డ్రైవర్ అసలు ఫొటో తెరిచి, అలవాటుగా మౌస్ పట్టుకున్నాడు.

“లాగకండి,” అన్నారు డ్రైవరూ భార్యా ఒక్కసారే.

నాలుగుకు పది నిమిషాలుండగా లైసెన్సు ఆఫీసులో గుమాస్తా ఆ ఫొటో చూశాడు, డ్రైవర్ని చూశాడు.

“ఇదీ ఫొటో అంటే. ఇందాకటిది ఎవరు తీశారో గానీ, మహానుభావుడు.”

స్టాంపు ప్యాడ్ వైపు వంగాడు. మెడలోని గుర్తింపు కార్డు ముందుకు వేలాడింది. అందులో ఆయన బుగ్గలు రెండంచులూ తాకుతున్నాయి.

డ్రైవర్ చూస్తున్నది గమనించి గుమాస్తా కార్డు తిప్పి చూపించాడు. “పోయిన వారం మా స్టాఫ్ అందరికీ సందు చివర స్టూడియోలో తీయించారు. ఇంట్లోవాళ్ళు కళ వచ్చిందంటున్నారు. ఎలా ఉంది?”

స్టాంపు ఇంకా గాల్లోనే ఉంది.

“మీరే అండీ,” అన్నాడు డ్రైవర్. “అచ్చం మీరే.”