తెల్ల చుక్క పెట్టిన రెసిస్టర్

మెట్ల కింద గదిలో రెండు బల్లలు. ఒకటి నాది, రెండోది మా చెల్లెలిది. లిఫ్టులు, పంపులు, మిల్లులు నడిపే మోటార్ డ్రైవ్‌లు చచ్చిపోతే వాటి బోర్డులు మా దగ్గరికి వస్తాయి. పెద్ద ట్రాన్సిస్టర్లు ఆమె మార్చేది, రెసిస్టర్ల లాంటి చిన్న ముక్కలు నేను. తను టంకం వేసిన ప్రతిచోటా బోర్డు అడుగున తెల్ల గోళ్లరంగుతో ఓ చుక్క పెట్టేది. "తప్పయితే నాదని తెలియాలి కదా అన్నయ్యా" అనేది. నేను చుక్కలూ గిక్కలూ పెట్టను. నాకంత ఓపిక లేదు, పైగా తప్పు చేస్తానన్న అనుమానమూ లేదు.

నాకో పొగరుండేది, దాచుకోవడమెందుకు. రెసిస్టర్‌కు మీటర్ పెట్టను. దాని ఒంటి మీది రంగు గీతలు చూసి ఎన్ని ఓములో చెప్పేస్తాను. చెల్లెలు ఒకటి రెండుసార్లు, "ఓసారి మీటర్ కూడా పెట్టు, పోయేదేముంది" అంది. "ఈ పని నీకు నేర్పిందెవరే?" అని నోరు మూయించాను.

కిందటేడాది బట్టలుతికే కర్మాగారం నుంచి ఓ డ్రైవ్ వచ్చింది. ఇద్దరం కలిసి బాగుచేసి పంపితే వారానికే తిరిగొచ్చింది. ట్రాన్సిస్టర్ పేలింది. చెల్లెలు కొత్తది వేస్తే అదీ పేలింది. లాండ్రీ ఆయన వచ్చి చిటపటలాడాడు. ఆయన ముందే చెల్లెలి మీద విరుచుకుపడ్డాను.

"నీ టంకమే కొంప ముంచుతోంది. చెయ్యి వణుకుతోంది నీకు. చేతకాకపోతే ఇంట్లో కూర్చో."

నేను విసురుగా భోజనానికి పోయాను. తిరిగొచ్చేసరికి టంకం వేసే ఐరన్ చల్లారి ఉంది, స్టూలు బల్ల కిందికి తోసి ఉంది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ట్రాన్సిస్టర్ నేనే మార్చి టంకం వేసి పంపాను. ఈసారి పేలలేదు. తప్పెవరిదో తేలిపోయిందని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. ఆమెకు ఫోన్ చేయలేదు. ముందు ఆమే దిగి రానీ అనుకున్నాను. నాలుగు నెలలకు గుండె ఆగి ఆమె చనిపోయింది. ఆఖరి చూపుకు వెళ్లాను గానీ, చూడటం తప్ప ఇంకేం మిగిలింది?

నిన్న లాండ్రీ ఆయన అదే డ్రైవ్ మళ్లీ తెచ్చాడు. పెద్ద జబ్బేం కాదు, ఫ్యాన్ బిగుసుకుపోయింది. ఈ ఉదయం విప్పి, బోర్డు తిరగేసి దుమ్ము దులుపుతుంటే, ఓ చిన్న రెసిస్టర్ కాళ్ల దగ్గర తెల్ల చుక్క కనిపించింది. ఆ రెసిస్టర్ పెట్టింది నేను. అక్కడ ఆమె చుక్కకేం పని? ఎందుకో మీటర్ పెట్టి చూశాను. వంద. ఉండాల్సిందీ వందే.

మధ్యాహ్నం మేనకోడలు ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, వాళ్లమ్మ పనిముట్ల పెట్టె పట్టుకుని.

"ఇంట్లో ఉంటే చూడలేకపోతున్నా మామయ్యా. నీ దగ్గరే ఉంచుకో."

పెట్టెలో ఐరన్, పట్టకారు, ఎండిపోయిన గోళ్లరంగు సీసా, ఓ అగ్గిపెట్టె ఉన్నాయి. అగ్గిపెట్టె తెరిస్తే బోర్డుల నుంచి పీకిన రెసిస్టర్లు, పాతిక దాకా.

"ఇవెందుకు దాచిందే?"

"ఏమో. పారేద్దామంటే ఒప్పుకునేది కాదు. అన్నయ్యవి, ఉండనీ అనేది."

పైనున్నది తీశాను. గోధుమ, నలుపు, గోధుమ. వంద ఓములు. మంచిదాన్ని ఎందుకు పీకినట్టు?

"దీని గీతలు చదువమ్మా."

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. "గోధుమ, నలుపు, ఎరుపు."

"మూడోది గోధుమ కాదూ?"

"ఎరుపు మామయ్యా. బాగానే కనిపిస్తోంది కదా."

మీటర్ పెట్టాను. వెయ్యి. వంద ఉండాల్సిన చోట వెయ్యి పెడితే ట్రాన్సిస్టర్ మందకొడిగా నడిచి, వేడెక్కి పేలిపోతుంది. ఆమె టంకం వల్ల కాదు, నా కళ్ల వల్ల. మిగతావి కూడా ఒక్కొక్కటే మేనకోడలి చేత చదివించాను. ఒక్కటీ నేను చదివినట్టు లేదు.

ఇన్నాళ్లూ నా వెనకాలే నా తప్పులు దిద్దుతూ వచ్చింది. లాండ్రీ బోర్డు మీది ఒక్కటే ముందు ఆమె కంటబడలేదు. ఆ రోజు నేను కడుపునిండా తింటుంటే, పరాయివాడి ముందు మాట పడ్డ మనిషి ఇక్కడ కూర్చుని, నేను పెట్టింది పీకి, సరైనది వేసి, చుక్క పెట్టి వెళ్లింది. చుక్క ఎందుకు పెడతానో ఏనాడో చెప్పింది. నేనే చూసుకోలేదు. నా కళ్లు పోతున్నాయని నాతో ఎందుకనలేదని అడగను. అంటే నేనేమనేవాణ్ణో నాకు తెలుసు.

మేనకోడలు నా భుజం మీద చెయ్యి వేసింది. వాళ్లమ్మను ఏమన్నానో దానికి చెప్పేశాను. చెయ్యి మెల్లగా తీసేసుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం లాండ్రీ ఆయన వచ్చాడు. కొత్త ఫ్యాన్ వేసిన డ్రైవ్‌ను బల్బు మీదుగా కరెంటుకు కలిపాను. బల్బు ఓసారి వెలిగి మసకబారింది. అంటే లోపల అంతా బాగున్నట్టే. ఆయన డ్రైవ్ చంకన పెట్టుకుంటుంటే ఆపాను.

"ఆ రోజు మీ ముందు మా చెల్లెల్ని తిట్టాను చూడండి. తప్పు ఆవిడది కాదు, నాది."

ఆయన అయోమయంగా చూశాడు. "ఏ రోజండీ? నాకేం గుర్తులేదే. అవునూ, ఆవిడ కనిపించట్లేదు, బాగున్నారా? అడిగానని చెప్పండి."

"చెబుతాను" అన్నాను.