తనిఖీకి ముందు వేసిన రంగు

నేను వెళ్లేసరికి రెండో స్తంభానికి రంగు వేస్తున్నారు.

మొదటిది బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన గోడవార పడి ఉంది. ఇరవై రెండు రోజుల క్రితం మా తమ్ముడు దానికి నిచ్చెన ఆనించి, రింగుకు కొత్త వల కడుతుంటే అది మొదలంటా విరిగి వాడితో సహా కూలింది. ఆసుపత్రి దాకా కూడా వెళ్లలేకపోయాం.

అవతలి కొసన నిలబడి ఉన్నదానికి ఇప్పుడు మరో నిచ్చెన ఆనించి ఉంది. దానిమీద క్లబ్బులో ఆడే అమ్మాయి ఒకతె నీలం రంగు పూస్తోంది. కింద నిచ్చెన పట్టుకుని ఈల మావయ్య, "మందంగా పుయ్యవే, నీ సొమ్మేం పోయింది?" అంటున్నాడు.

ఈల మావయ్య మాకు చుట్టం కాడు, బట్టలు కుట్టే మనిషి. ఈ బాస్కెట్‌బాల్ క్లబ్బుకు కార్యదర్శి, రిఫరీ కూడా ఆయనే కనుక ఆ పేరు. మా తమ్ముడు కోచ్. కొత్త స్తంభాల కోసం నాలుగేళ్లుగా ప్రభుత్వ క్రీడా గ్రాంటుకు దరఖాస్తు పెడుతున్నాం. రాసేది నేను. ఏటా ఎవరో ఒకరు తనిఖీకి వస్తారు. ఏటా ‘ఈసారికి వీలుపడదు’ అని ఉత్తరం వస్తుంది.

"రామ్మా. ఇంజనీరమ్మ వచ్చే వేళయింది. ఇంత జరిగాక కూడా ఇవ్వకపోతే వాళ్లవి గుండెలు కావు, బండలు."

"దానిమీదికి పిల్లనెందుకు ఎక్కించావు మావయ్యా?"

"దీనికేమైంది? ఆ స్తంభాన్నంటే నీళ్ల ట్యాంకరు గుద్దింది. ఇది గుండ్రాయిలా ఉంది."

ఊరంతా అదే మాట. పోయినేడు ఒక ట్యాంకరు వెనక్కి వస్తూ ఆ స్తంభాన్ని తాకిన మాట నిజం. ముఖం కూడా సరిగా గుర్తులేని ఆ డ్రైవరును నేను ఇన్ని రోజులూ మనసులో తిడుతూనే ఉన్నాను.

"మొహం కడుక్కోకుండా ఫోటోకి కూర్చుంటామా?" అన్నాడు మావయ్య మళ్లీ. "ఇది నువ్వు నేర్పిందేగా."

అవును, నేనే నేర్పాను. బడికి తనిఖీ అంటే గోడలకు సున్నం, నల్లబల్లకు నలుపు, పిల్లలకు దువ్విన తలలు. పాతికేళ్లుగా నాకు తెలిసిన తనిఖీ అదే. చక్కగా కనబడితే మెచ్చుకుంటారు. క్లబ్బు చేత కూడా ఏటా అదే చేయించాను.

ఇంజనీరమ్మ వచ్చింది. చిన్న వయసు. తమ్ముడి గురించి రెండు మాటలు చెప్పి, చంకలోని ఫైలు తెరిచింది. ఎన్నాళ్లనుంచో అడగాలనుకుంటున్నది అడిగాను.

"నాలుగేళ్లూ ఎందుకు కాదన్నారమ్మా?"

ఆమె కాగితాలు తిప్పింది. "అన్నిట్లోనూ ఒకటే ఉంది టీచర్ గారూ. ‘కోర్టు, స్తంభాలు మంచి స్థితిలో ఉన్నాయి. తక్షణ సాయం అవసరం లేదు.’"

"మంచి స్థితిలో ఉన్నాయని ఎవరు రాశారు?"

ఆమె ఫైలు నావైపు తిప్పింది.

అది నా దస్తూరి. ‘మా సభ్యులు కోర్టును, స్తంభాలను ఎంతో శ్రద్ధగా కాపాడుకుంటూ మంచి స్థితిలో ఉంచుకున్నారు.’ ఎక్కడా ఒక కొట్టివేత లేదు. రెండో ఏడు, మూడో ఏడు, నాలుగో ఏడు అదే వాక్యం.

మొదటి ఏడు మా వంటింట్లో కూర్చుని ఆ దరఖాస్తు రాశాను. తమ్ముడు నా భుజం మీదుగా చూస్తూ, "అక్కా, అడుగున తుప్పు పట్టిందని రాయవే," అన్నాడు. "అడుక్కునేవాళ్లలా రాయకూడదురా. మన పరువు మనమే బజారున పెట్టుకుంటామా?" అన్నాను. వాడు నవ్వేసి, "సరే పంతులమ్మా, నీ ఇష్టం," అని టీ పెట్టడానికి లేచాడు. వెళ్తూ వెళ్తూ అన్నాడు, "రెండింటికీ పట్టింది మరి."

రెండింటికీ.

తల తిప్పి చూశాను. పిల్ల ఇంకా పైమెట్టు మీదే ఉంది.

"దిగు," అన్నాను. "దిగవే! నెమ్మదిగా. స్తంభాన్ని పట్టుకోకు."

పిల్ల బిక్కమొహంతో దిగింది. రంగు డబ్బా మూత తీసిన స్క్రూడ్రైవరు కింద పడి ఉంది. స్తంభం మొదట్లో కూర్చుని, తడి రంగు మీద దాన్ని ఆనించి నొక్కాను. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే చిల్లులోంచి ఎర్రటి పొడి జలజలా రాలింది. పిల్ల తన నీలం చేతుల్ని చూసుకుంటూ నిలబడిపోయింది.

"ఇది ప్రమాదకరమని రాస్తే ఈ పూటే కోర్టుకు తాళం పడుతుంది," అంది ఇంజనీరమ్మ చివరికి. "గ్రాంటు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేను."

"తాళం పడితే పిల్లలు చెల్లాచెదురైపోతారమ్మా!" మావయ్య నా చేయి పట్టుకున్నాడు. "వాడు ఎలాగూ పోయాడు. వాడి క్లబ్బునైనా బతకనీ. నాలుగు ఇనప ముక్కలు వెల్డింగ్ చేయిస్తాను. ఆ ఒక్క ముక్కా రాయనివ్వకు."

"రాయండి," అన్నాను ఇంజనీరమ్మతో.

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడుగుతారు. మీ సంజాయిషీ కావాలి."

ఆమె కలం తీసుకుని ఫైలు మోకాలి మీద పెట్టుకుని రాశాను. ‘స్తంభాలకు తుప్పు పట్టిందని మా కోచ్ నాలుగేళ్ల క్రితమే చెప్పాడు. దరఖాస్తు రాసిన నేను ఆ మాట రాయలేదు.’ కింద సంతకం చేశాను.

కార్యదర్శి సంతకం కూడా కావాలంది ఇంజనీరమ్మ. మావయ్య కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. కలం అందుకోలేదు.

"సంతకం ఒద్దులే మావయ్యా. తప్పు నాది," అన్నాను.

"అది కాదమ్మా." ఆయన కళ్లజోడు తీసేశాడు. "నీకొక్కదానికే చెప్పినట్టు రాశావు. నాక్కూడా చెప్పాడు. మొన్న వల కట్టే ముందు రోజు కూడా చెప్పాడు."