తేనెమామిడి విమానమెక్కింది

రంపం వచ్చేసింది. కార్వేటినగరం దగ్గర సుందరరాజు తోటలో, తేనెమామిడి మొదలుకు ఆనించి పెట్టారు. అది చూసినప్పటి నుంచి గురవమ్మకు ముద్ద దిగడం లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ తోటకు కాపలా ఆమెదే, కోతా ఆమెదే.

ఆ చెట్టు పండు నిజంగా తేనె. కానీ మాగిన మర్నాడే కుళ్ళుతుంది, దూరం పోదు. కొట్టించి పలకలు కోయిద్దామని రాజుగారి పట్టు. ఒక్క ఆశే మిగిలింది. తిరుమల దర్శనానికి వచ్చి ఆ పండు రుచి చూసిన ఢిల్లీ హోటలు యజమాని ఉత్తరం రాశాడు: "విమానంలో ఒక బుట్ట పంపండి. తినేలా చేరితే ఏటా కాపంతా నాదే."

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి అది. బడి అయ్యవారు జయరావు గోడపటం మీద దారం పెట్టి కొలిచాడు.

"మద్రాసు నుంచి ఢిల్లీకి పదకొండొందల మైళ్ళు. గంటకు నూటఅరవై లెక్కన ఏడు గంటలు! ఎల్లుండికి పండే కాయే కోయించండి రాజుగారూ."

"అయ్యోరా, ఎద్దులబండే నడుమ నీళ్ళకు ఆగుతాది. మీ ఇమానం యాడా ఆగదా?" అంది గురవమ్మ.

"హైదరాబాదులో, నాగపూరులో ఆగుతుంది. సరే, తొమ్మిది గంటలు!"

"ఆడ గాలీవానా వస్తే?"

రాజు నవ్వాడు. "నువ్వేమన్నా ఇమానం ఎక్కినావా గురవమ్మా?"

"మీరెక్కినారా సామీ?"

రాజు మీసం సవరించుకున్నాడు. అయ్యవారికి దగ్గొచ్చింది.

గురవమ్మ ఒక్కో కాయనూ అరచేతిలో తూచి, తొడిమ వాసన చూసి, వరిగడ్డి పరిచి బుట్ట నింపింది. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. గోనెతో మూతి కుట్టేసింది. బండిలో పుత్తూరు, రైల్లో మద్రాసు, మర్నాటి పొద్దున విమానం.

మూడోనాడు తంతి వచ్చింది. ఇసుకగాలికి విమానం నాగపూరులోనే ఆగిపోయింది. నాలుగోనాడు మధ్యాహ్నం ఇంకో తంతి: ఇంకా కదల్లేదు.

"అయిపోయె. రేపు పొద్దున కొట్టేయండప్పా," అన్నాడు రాజు.

తెల్లారింది. రంపపు పనివాడు కుప్పుస్వామి వచ్చేసరికి గురవమ్మ చెట్టు మొదట్లో కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది.

"లెయ్ అవ్వా, నా పని సెడగొడతా ఉండావు."

"ఒక్క పూట ఆగరా నాయనా. చెట్టేమన్నా పారిపోతాదా?"

బతిమాలాడు, బెదిరించాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇక సుందరరాజే కర్ర పట్టుకుని బయలుదేరాడు. అప్పుడే సైకిలు గంట మోగింది. అయ్యవారు! పంచె గొలుసులో చిక్కి చిరిగినా ఆగకుండా తొక్కుతున్నాడు. చేతిలో తంతి.

"పై వరస కుళ్ళింది," అని చదివాడు రొప్పుతూ. రాజు తల పట్టుకున్నాడు. "అడుగు వరస పచ్చిది. నడిమి వరస అమృతం. కాపంతా నాదే. వెంటనే పంపండి!"

రాజు గురవమ్మ వైపు తిరిగాడు. "ఏం జేసినావే?"

"పై వరస మీ ఇద్దరి మాటకు పెట్టినా సామీ, ఎల్లుండికి పండేది. నడిమిది గాలీవానకు."

"మరి అడుగుది?"

"అయ్యోరి లెక్క ఇంకా తప్పితేనో అని!"

అందరికంటే గట్టిగా నవ్వింది అయ్యవారే. కుప్పుస్వామి మాత్రం మొహం వేలాడేసుకుని, "అయితే నాకు పని లేదా?" అన్నాడు.

"లేకేమిరా," గురవమ్మ లేచి చీర దులుపుకుంది. "ఆ రంపం ఎత్తుకొని వెదురుపొద కాడికి పా. బుట్టలు శానా కావాల."