ఏడో నంబరు పాట

రోలర్ల మధ్య ఇరుక్కుపోయిన దుప్పటిని వెర్లీన్ టాగర్ట్ రెండు చేతులా పట్టి లాగుతుండగా సూపర్‌వైజరు వచ్చి భుజం తట్టాడు.

"నీకోసం ఎవడో వచ్చాడు. వెనక తలుపు దగ్గరున్నాడు."

"ఎవరు?"

"నాకేం తెలుసు? అయిదు నిమిషాల్లో వచ్చెయ్. ఆరో నిమిషం నుంచి జీతంలో కోస్తాను."

జులై నెల. బయట మెంఫిస్ ఊరు తొంభై ఎనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండలో ఉడికిపోతోంది. ఆసుపత్రి లాండ్రీలో ఎన్ని డిగ్రీలో ఎవరికీ తెలియదు. గోడకి వేడి చూసే మీటరు ఒకటి ఉండేది గానీ, జనం దాన్ని చూసి సణుగుతున్నారని యాజమాన్యం పీకించేసింది. వెర్లీన్‌కి అరవై ఒకటో ఏడు. రోజుకి ఎనిమిది గంటలు నిలబడి తడి దుప్పట్లు వేడి రోలర్లలోకి తోస్తే గంటకి ఎనిమిది డాలర్ల తొంభై సెంట్లు ఇస్తారు.

వెనక తలుపు దగ్గర నిలబడ్డవాడు ఆమె పేరు అడిగాడు. ఔనంది. లావుపాటి కవరొకటి చేతిలో పెట్టి, "మీకు అందింది," అని కారెక్కి పోయాడు. ఇదే ఆసుపత్రిలో మూడేళ్ళ క్రితం చనిపోయిన భర్త తాలూకు బిల్లేమో అనుకుంది. తడి వేళ్ళతోనే చింపింది.

బిల్లు కాదు, దావా. ఒక రికార్డు కంపెనీ వెర్లీన్ టాగర్ట్ మీద ఫెడరల్ కోర్టులో వేసింది. ఆమె ఇంట్లోని కంప్యూటరులో పదకొండు పాటలు దొంగతనంగా దించుకుని, ప్రపంచమంతా తీసుకుపోయేలా తలుపులు బార్లా తెరిచిపెట్టిందట. అందువల్ల కళాకారులకు పూడ్చలేని నష్టం జరిగిందట. పాటల జాబితా వెనక పేజీలో ఉంది. వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ ఏడో నంబరు దగ్గర ఆగిపోయింది.

'ట్యూనికా బస్సు.'

ఆ పాటలో వెనక నుంచి వినిపించే ముగ్గురాడవాళ్ళలో మధ్య గొంతు ఆమెదే.

పంతొమ్మిది వందల డెబ్బై మూడులో, చర్చి గాయక బృందంలో ముందు వరసలో నిలబడే ముగ్గురమ్మాయిల్ని ఒకాయన వచ్చి పిలుచుకుపోయాడు. మూతబడ్డ సినిమా హాల్లో పెట్టిన స్టూడియో. కుర్చీలు పీకేసిన చోట మైకులు పెట్టారు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా ఒకే పాట పాడించారు. తిండి పెట్టలేదు. పోయేటప్పుడు తలా ఒక కవరు ఇచ్చారు. అందులో ముప్పై అయిదు డాలర్లు. కవరు మీద సంతకం పెట్టమంటే పెట్టారు. ఆ పాట అమెరికా దక్షిణాది రాష్ట్రాలన్నిటా మారుమోగిపోయింది. అసలు గాయకుడు పట్టు చొక్కాలేసుకుని రెండేళ్ళు తిరిగాడు. ఆనక అతనూ కనిపించకుండా పోయాడు. చనిపోతే శవపేటిక కోసం చర్చిలో చందా పళ్ళెం తిప్పాల్సి వచ్చింది. ఆ చిన్న కంపెనీని పెద్ద కంపెనీ, దాన్ని ఇంకా పెద్ద కంపెనీ మింగేశాయి. పాట మాత్రం అప్పటి నుంచీ సంపాదిస్తూనే ఉంది. కార్ల ప్రకటనలో ఒకసారి, బీరు ప్రకటనలో రెండుసార్లు వెర్లీన్ తన గొంతు తానే విన్నది. చిల్లిగవ్వ రాలేదు. రావాలని ఆమెకి తోచనూ లేదు.

ఆమె దగ్గరున్న ఒక్క రికార్డూ భర్త జబ్బు రోజుల్లో సామానుతో పాటు అమ్ముడుపోయింది. కూతురు రోండా స్కూలు బస్సు నడుపుతుంది. పోయిన క్రిస్మస్‌కి తల్లికి పాత కంప్యూటరొకటి తెచ్చి, "నీ పాట వినిపిస్తా ఉండవే అమ్మా," అంటూ ఎక్కడెక్కడో వెతికి పట్టుకుంది. ఆ ఊపులో ఇంకో పది పాటలు దించింది. దించుకున్న పాటల్ని అదే కంప్యూటరు ఊరందరికీ పంచుతూ కూర్చుంటుందని తల్లికీ తెలియదు, కూతురికీ తెలియదు.

కాగితంలో ఉన్న నంబరుకి వెర్లీన్ మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ, మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసింది.

"టాడ్‌ని మాట్లాడుతున్నానండీ. మీకు ఏ విధంగా సాయపడగలను?"

"సాయమేంటి నాయనా? కేసు పెట్టింది మీరేగా."

"కేసు మా క్లయింట్లు పెట్టారండీ. మాది రాజీ విభాగం. నాలుగు వేల అయిదు వందల డాలర్లు కట్టేస్తే కేసు కొట్టేయిస్తాం. క్రెడిట్ కార్డు కూడా తీసుకుంటాం."

"కట్టకపోతే?"

"చట్టప్రకారం పాటకి లక్షా యాభై వేల దాకా అడగొచ్చండీ. మీవి పదకొండు పాటలు. అంటే పదహారు లక్షల యాభై వేలు."

"ఎన్ని?"

టాడ్ విసుక్కోకుండా మళ్ళీ చెప్పాడు. రోజుకి వందమందికి చెప్పి చెప్పి అతని నోటికి ఆ అంకె మంచినీళ్ళలా అలవాటైపోయింది.

"బాబూ, ఏడో నంబరు పాట ఎప్పుడైనా విన్నావా? అందులో వెనకాల ముగ్గురం పాడతాం. మధ్య గొంతు నాది. నేను పాడిన పాట నేను వింటే ఎవరి సొమ్ము పోయింది?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. చాలాసేపు తిరగేశాడు.

"దానికి నా కాగితంలో జవాబేం లేదండీ," అన్నాడు చివరికి నిజాయితీగా. "కార్డు నంబరు చెప్తారా?"

ఉచిత న్యాయ సహాయం చేసే ఆఫీసు ఒక పాత బూట్ల దుకాణం పైన ఉంది. అక్కడి లాయరు బీమన్ యాభై దాటినవాడు. బల్ల మీద ఇళ్ళు ఖాళీ చేయించే కేసుల ఫైళ్ళు గడ్డం దాకా పేరుకుపోయి ఉన్నాయి. వెర్లీన్ కాగితాలు చదివి కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు.

"టాగర్ట్ గారూ, మీరు పాడినా సరే, పాట మీది కాదు. గొంతు మాత్రమే మీది."

"ఈ పదకొండు పాటలూ కంప్యూటరులో కొనుక్కుంటే ఒక్కోటి తొంభై తొమ్మిది సెంట్లట. మా అమ్మాయి చూసి చెప్పింది. అంటే పదకొండు డాలర్లు కూడా కాదు. నావల్ల వాళ్ళకి పదహారు లక్షలు ఎలా పోయిందో ఎవరైనా చూపించాలి కదా?"

"అక్కర్లేదు. ఎంత పోయిందో చూపించకుండానే అడగొచ్చని చట్టం. పాటకి ఏడు వందల యాభైకి తగ్గించి వెయ్యాలని జడ్జీకి మనసు పుట్టినా మామూలుగా కుదరదు. పైకి మాత్రం లక్షా యాభై వేల దాకా పోవచ్చు."

"ఎవరు రాశారయ్యా ఇది? తాగి రాశారా?"

బీమన్ నవ్వాడు. ఆ వారంలో అదే మొదటి నవ్వు కాబోలు, మధ్యలో దగ్గొచ్చింది. "ఫ్యాక్టరీలు పెట్టి దొంగ రికార్డులు అచ్చేసే వ్యాపారుల కోసం రాశారు. వాళ్ళని పట్టుకోవడం కష్టం. మిమ్మల్ని పట్టుకోవడం తేలిక. పైగా వాళ్ళకి మీ డబ్బు కూడా అక్కర్లేదు. మిమ్మల్ని చూసి పక్కింటివాళ్ళు హడలిపోతే చాలు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. "రాజీ పడమనే చెప్తాను. నా దగ్గరికొచ్చిన అందరికీ అదే చెప్తున్నాను."

ఇంటికొచ్చి లెక్క వేసుకుంది. ఒక్క సెంటు తినకుండా, ఒక్క సెంటు ఇంటి అప్పు కట్టకుండా లాండ్రీలో ఎనభై తొమ్మిదేళ్ళు పని చేసినా ఆ అంకెకి ఇంకో రెండు వేల చిల్లర తక్కువే పడుతోంది. ఇంత పెద్ద అంకెను ఒక చాకలి పనిమనిషి పేరు పక్కన అచ్చేయించడానికి చదువుకున్న మనుషులు ఎంతమంది కలిసి కూర్చున్నారో అనుకుంది. భయం కన్నా ముందు ఆమెకి రోత పుట్టింది.

రోండాకి భయమే. వేయించిన చేప పళ్ళెంలో చల్లారిపోతున్నా ముట్టకుండా తల్లి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, సంతకం పెట్టెయ్యవే. నెలకి నూటయాభై చొప్పున ముప్పై నెలలు కట్టుకోవచ్చంటున్నారుగా. నేను పంచుకుంటా. తప్పు నాది."

"నీ తప్పేం లేదు. తిను."

"ఇల్లు పోతే ఎక్కడుంటావే? పౌరుషం నెత్తిన పెట్టుకుని పడుకుంటావా?"

"పౌరుషమని ఎవరన్నారు? డబ్బు కట్టేద్దామనే ఉంది నాకూ. కట్టి వదిలించుకుందాం." వెర్లీన్ చేప ముల్లు తీసి పక్కన పెట్టింది. "కుక్క కరిస్తే మందుకి డబ్బు పెట్టమూ? అలాగే."

ఆ మాట మీదే తల్లీకూతుళ్ళు నవంబరులో రాజీ సమావేశానికి వెళ్ళారు. కోర్టు భవనానికి ఎదురుగా ఉన్న మేడలో పద్నాలుగో అంతస్తు. పొడుగాటి బల్ల, మీద ఎవరూ ముట్టని బిస్కెట్లు. కంపెనీ లాయరు వైట్‌సెల్ వేరే ఊరి నుంచి విమానంలో వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. నవ్వుతూ చెయ్యి చాపి, తల్లి వయసు మనిషిని, "హలో వెర్లీన్," అన్నాడు.

"టాగర్ట్ గారు అనండి," అన్నాడు బీమన్.

"తప్పకుండా. టాగర్ట్ గారూ, మీరు తెలివైన నిర్ణయం తీసుకున్నారు. నాలుగు వేల అయిదు వందలు, ముప్పై వాయిదాలు. ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు సంతకాలు చాలు."

వెర్లీన్ కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి కాగితం డబ్బు గురించి. చదివి పక్కన పెట్టింది. రెండోది పొట్టిది, మూడు వాక్యాలే ఉన్నాయి. రోండా కూడా వంగి చూసింది. 'ఈ పాటలను సృష్టించిన కళాకారుల కష్టాన్ని నేను దొంగిలించాను. వారికి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ ప్రకటనను ప్రచారానికి వాడుకునేందుకు కంపెనీకి అనుమతి ఇస్తున్నాను.'

"ఇదేంటి?"

"మామూలు పత్రమే. అందరూ పెడతారు," అన్నాడు వైట్‌సెల్.

"ఏడో నంబరు పాటలో కళాకారులెవరు?"

అతను ఫైలు తిప్పి అసలు గాయకుడి పేరు చదివాడు.

"ఆయన పోయి పదిహేనేళ్ళయింది. క్షమాపణ ఎక్కడికి పంపిస్తారు? ఇంకా ఎవరున్నారు?"

"మా రికార్డుల్లో ఇంకెవరి పేరూ లేదండీ."

"వెనకాల పాడిన ముగ్గురూ?"

వైట్‌సెల్ బీమన్ వైపు చూశాడు. బీమన్ అప్పటికే ఆ సంగతి ఉత్తరం రాసి పంపాడు. వైట్‌సెల్ కుర్చీలో వెనక్కి వాలి, చిన్నపిల్లని బుజ్జగించే గొంతుతో అన్నాడు. "మీరు చెప్పేది అబద్ధమని నేననను. కానీ రుజువేముంది చెప్పండి? ముప్పై మూడేళ్ళ కిందటి మాట. పోనీ, ఒక పని చేద్దాం. ఆ పాటలో మీరు పాడానంటున్నది రెండు లైన్లు ఇప్పుడు పాడి వినిపించండి. మాకూ సరదాగా ఉంటుంది. బాగుంటే ఒక నెల వాయిదా నేను మాఫీ చేయిస్తాను."

రోండా కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. వెర్లీన్ కూతురి మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఆమె మొహంలో కోపం కనపడలేదు. దుకాణంలో కుళ్ళిన కూరగాయని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ బుట్టలో పడేసేటప్పుడు ఆడవాళ్ళు చూస్తారే, అలా చూసింది అతని వంక.

"మీకొకసారి పాడాను బాబూ," అంది. "పొద్దున పది నుంచి రాత్రి ఏడు దాకా, తిండి లేకుండా. దాంతోనే మీరు ఇన్నాళ్ళూ బతుకుతున్నారు. ఇంకోసారి పాడను."

"నేను ఊరికే..."

"డబ్బు కాగితం ఇటివ్వండి. దాని మీద పెడతాను. ఈ రెండోది మీరే ఉంచుకోండి."

"రెండూ కలిపే టాగర్ట్ గారూ. ఒకటి లేకుండా ఒకటి కుదరదు. మా క్లయింట్లకి డబ్బు కన్నా ఈ ప్రకటనే ముఖ్యం."

"ఆహా," అంది వెర్లీన్. కలం మూత పెట్టి, రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, వేళ్ళ కొనలతో బల్ల అవతలికి తోసేసింది. "అయితే రెండూ వద్దు."

వైట్‌సెల్ నవ్వు పోయింది. జ్యూరీ ముందుకెళ్తే ఏమవుతుందో తెలుసా అన్నాడు. పాటకి లక్షా యాభై వేలు మళ్ళీ చెప్పాడు. పదకొండుతో మళ్ళీ హెచ్చవేశాడు. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక అడిగింది.

"విచారణ ఎప్పుడు?"

"మార్చి పన్నెండు," అన్నాడు బీమన్. అతని గొంతు కొంచెం మారింది. "సోమవారం."

"సెలవు చీటీ పెట్టుకోవాలి. మా సూపర్‌వైజరు నెల ముందు అడిగితే గానీ ఇవ్వడు."

బీమన్ కాగితాలు సర్దుకోవడానికి లోపలే ఆగిపోయాడు. లిఫ్టులోకి వచ్చి తలుపులు మూసుకోగానే వెర్లీన్ పక్కనున్న ఇత్తడి కడ్డీ పట్టుకుని నిలదొక్కుకుంది.

"అమ్మా, ఇల్లు పోతుందేమోనే," అంది రోండా మెల్లగా.

"పోవచ్చు. నాకూ భయంగానే ఉంది. పట్టుకో నన్ను."

ఇద్దరిలో ఎవరూ మీట నొక్కలేదు. లిఫ్టు కదలకుండా ఆ అంతస్తులోనే నిలబడి ఉంది. ఒక నిమిషానికి తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఎదురుగా వైట్‌సెల్, చేతిలో సంచీతో. ఒక క్షణం తటపటాయించి లోపలికొచ్చాడు. వాళ్ళకి వీపు పెట్టి నిలబడి కింది అంతస్తు మీట నొక్కాడు. లిఫ్టు దిగడం మొదలైంది. పద్నాలుగు, పదమూడు, పన్నెండు. తొమ్మిదో అంతస్తు దాటాక అతను తల తిప్పకుండానే, లాయరు గొంతు కాని గొంతుతో అడిగాడు.

"మా నాన్న దగ్గర ఆ రికార్డుండేది. నిజంగా అందులో ఉన్నది మీరేనా?"

రోండా తల్లి మొహంలోకి చూసింది. వెర్లీన్ అతని మెడ మీద ఇస్త్రీ మడత నలగని తెల్ల కాలరు వైపు చూస్తూ నిలబడింది. లిఫ్టు నేలకి దిగి తలుపులు తెరుచుకోగానే, కూతురి చెయ్యి పట్టుకుని అతన్ని దాటుకుంటూ బయటికి నడిచింది.