తీగ తియ్యి

హత్సుమి కుడిచేతికి కట్టు ఉంది. అందుకని కాగితాన్ని ఎడమచేత్తో పట్టుకుని చదివింది. కట్టు లోపల మూడు వేళ్లు లేవు. ఆ సంగతి వరసల్లో నిలబడ్డ ఆడవాళ్లందరికీ తెలుసు. ఎదురుగా స్టూలెక్కి నిలబడ్డ సెక్షన్ చీఫ్ కుజిరాయికీ తెలుసు.

"పైవారికి సకాలంలో విషయం తెలియజేయలేకపోవడం వల్ల, నా సంభాషణా నైపుణ్యంలో లోపం వల్ల ఈ ప్రమాదం జరిగింది. ఉత్పత్తికి అంతరాయం కలిగించినందుకు, అందరికీ ఇబ్బంది కలిగించినందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను."

చదివి నడుము వంచింది.

"ఇంకొంచెం" అన్నాడు కుజిరాయి.

ఇంకొంచెం వంచింది.

వేళ్లు పోగొట్టుకున్న మనిషి, వాటిని పోగొట్టిన వాళ్లకు క్షమాపణ చెప్పుకుంటోంది. పొద్దున్నే, అందరి ముందు, యంత్రాలు వేయకముందు. ముందు వరసలో ఉన్న ఇత్సుకో తల దించుకోలేదు. దించుకుంటే ఏడుస్తానని ఆమెకు తెలుసు. అక్కడ ఏడవడం ఆమెకు ఇష్టం లేదు.

జపానులో వేడినీటి బుగ్గల ఊరు అది. ఊరినిండా సత్రాలు, హోటళ్లు. వచ్చినవాళ్లు స్నానం చేసి, తెల్లటి దుప్పట్ల మీద పడుకుని పోతారు. ఆ దుప్పట్లు ఉతికేది ఈ ఫ్యాక్టరీ. ఇక్కడ ఇస్త్రీ అంటే ఇంట్లో ఇస్త్రీపెట్టె అనుకోకండి. గది పొడవున కాలుతూ తిరిగే రోలర్లుంటాయి. తడి దుప్పటికి ఒక కొస ఒకామె, రెండో కొస ఇంకొకామె పట్టుకుని రోలర్ల మధ్యకు అందించాలి. రెండో మెషీన్ మీద ఏళ్ల తరబడి ఒక కొస హత్సుమిది, రెండోది ఇత్సుకోది.

రోలర్ల ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి తగిలితే చాలు, మెషీన్ ఆగిపోతుంది. దుప్పటి ముడుచుకుపోయి తగిలినా ఆగిపోతుంది, లోపలున్న బట్ట మాడిపోతుంది. సీజన్ మొదలై లారీల మీద లారీలు వచ్చి పడ్డప్పుడు, కుజిరాయి స్వయంగా ఇనపతీగ తెచ్చి ఆ కడ్డీని కదలకుండా కట్టేశాడు. ఆ తర్వాత మెషీన్ ఆగలేదు. హత్సుమి చేయి లోపలికి పోయినప్పుడూ ఆగలేదు.

"రెండో మెషీన్‌కి రోలర్ల మీద కొత్త గుడ్డ చుట్టించాం" అన్నాడు కుజిరాయి స్టూలు మీద నుంచి. "రేపు పొద్దున్నుంచి హత్సుమి చోట్లో లువా నిలబడుతుంది. ఇవాళ మధ్యాహ్నం అందరికీ ట్రైనింగు. ఒసాకా నుంచి మేడమ్ గారు వస్తున్నారు. ఇలాంటి ప్రమాదాలు మళ్లీ జరగకుండా మాట్లాడటం నేర్పిస్తారు."

ఇత్సుకో మెషీన్ వైపు చూసింది. రక్తం పడ్డ గుడ్డ మార్చారు. తీగ మాత్రం అలాగే ఉంది.

భోజనాల గది గోడ మీద పాలకూర కట్ట బొమ్మ ఉంటుంది. దానికి కళ్లు గీశారు, నవ్వే నోరు గీశారు. పైవాళ్లకు చెప్పడం, తోటివాళ్లకు తెలపడం, తెలియకపోతే అడగడం, ఈ మూడింటికీ జపాను భాషలో ఉన్న మాటల మొదటి ముక్కలు కలిపితే హోరెన్సో అవుతుంది. హోరెన్సో అంటే పాలకూర. ఉద్యోగంలో చేరిన ప్రతివాడి చేతా ముందు ఈ పాలకూర తినిపిస్తారు.

"హత్సుమి చెప్పలేదట" అంది హొనామి అన్నం ముద్ద పొట్లం విప్పుతూ. ఆమె మడతల సెక్షన్ పిల్ల, నోటికి అదుపు లేదు.

"తను చెప్పింది. నేనూ చెప్పాను, రెండుసార్లు" అంది ఇత్సుకో.

"ఏమని చెప్పావు?" అడిగింది శిగెనో. అందరిలోకీ పెద్దది.

"చీఫ్ గారూ, ఇలా అంటున్నానని ఏమీ అనుకోకండి, మీరు తీరిక లేకుండా ఉన్నారని తెలుసు, ఆ కడ్డీ సంగతి ఒకసారి వీలు చూసుకుని... అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"సానుకూలంగా పరిశీలిస్తాం అన్నాడు."

అందరూ నవ్వారు. సంతోషంగా నవ్విన నవ్వు కాదది.

లువా నవ్వలేదు. వియత్నాం నుంచి పని నేర్చుకునే వీసా మీద వచ్చిన పిల్ల. భాష ఇంకా తడుముకుంటోంది. "సానుకూలంగా పరిశీలిస్తాం అంటే ఏంటి?"

"చెయ్యం అని."

"మరి చెయ్యం అని చెప్పొచ్చు కదా?"

"అలా చెప్తే మనకు కోపం వస్తుందని."

"ఇప్పుడు రాలేదా?" అంది లువా.

శిగెనో డబ్బా మూత గట్టిగా వేసింది. "మా ఆయన మంచాన ఉన్నాడు. నాకీ ఉద్యోగం కావాలి. నన్ను ఇందులోకి లాగకండి."

ఒసాకా మేడమ్ గారు మధ్యాహ్నం వచ్చింది. చక్కటి సూటు, చక్కటి గొంతు. ఫ్యాక్టరీలో కానీ ఇంట్లో కానీ సగం తగవులు మాట సరిగా అందకే వస్తాయంది. మొగుడూ పెళ్లాల మధ్యా అంతే, యజమానికీ పనివాళ్లకూ మధ్యా అంతే అంది. పళ్లు కనిపించేలా నవ్వడం నేర్పింది. ఎవరికి ఎంత వంగాలో నేర్పింది. కుజిరాయి వెనక నిలబడి బుద్ధిగా తలూపుతున్నాడు.

"ఇప్పుడు ఒక సందర్భం అనుకుందాం" అని లువాను ముందుకు పిలిచింది. "మెషీన్‌లో నీకేదో తేడా కనిపించింది. చీఫ్ గారికి ఎలా చెప్తావు?"

లువా కుజిరాయి వైపు తిరిగింది. "చీఫ్. కడ్డీకి తీగ ఉంది. తీగ తియ్యి."

మేడమ్ గారు నొచ్చుకోకుండా నవ్వింది. "విషయం ఉందమ్మా, కానీ 'తియ్యి' ఏంటి? మాట కింద దిండు వెయ్యాలి. ముందు, 'శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి' అనాలి. తర్వాత, 'మీరు పని ఒత్తిడిలో ఉన్నారని తెలుసు'. ఇక 'తీగ' అంటే ఎదుటివారి మీద నేరం మోపినట్టుంటుంది. 'పరిస్థితి' అను. 'తియ్యి' బదులు 'మీ అభిప్రాయం తెలుసుకోవచ్చా' అను. ఏదీ, మొత్తం చెప్పు."

లువా కష్టపడి మొత్తం చెప్పింది. "శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి, మీరు పని ఒత్తిడిలో ఉన్నారని తెలుసు, కడ్డీ పరిస్థితి గురించి మీ అభిప్రాయం తెలుసుకోవచ్చా?"

అందరికంటే ముందు కుజిరాయి చప్పట్లు కొట్టాడు.

"ఇందులో తీగ ఏది?" అంది లువా.

ఇత్సుకోకు ఒళ్లు మండిపోయింది. ఆ దిండ్ల వాక్యం ఆమెకు కొత్త కాదు. ఆమె రెండుసార్లు చెప్పింది అచ్చం అదే. ఈ మేడమ్ గారు నేర్పకముందే, పల్లెత్తు మాట అనకుండా చెప్పింది. వాళ్లకు చక్కగా వినపడింది కూడా. చెవులు బాగానే ఉన్నాయి. తీగ కట్టింది ఎవరో, ఎందుకు కట్టారో వాళ్లకు ఒకరు చెప్పాలా? మాట అందక కాదు. అందిన మాటను వాళ్లు దిండు కింద పెట్టుకుని పడుకున్నారు.

పని దిగగానే హత్సుమి ఇంట్లో చేరారు. ఇంటినిండా ఆడవాళ్లు, గుమ్మం నిండా చెప్పులు. శిగెనో రాలేదు.

"ఆ కాగితం నేను రాయలేదు" అంది హత్సుమి. "రాయడానికి నాకు చెయ్యేది? కుజిరాయి తయారుచేసి పట్టుకొచ్చాడు. చదివితే ఉద్యోగం ఉంటుందన్నాడు. ఫ్యాక్టరీలో జరిగిన ప్రమాదమని బయట ఎక్కడా అనకూడదన్నాడు."

"లేబర్ ఆఫీసుకి పోదాం" అంది హొనామి.

"పోదాం. వాళ్లు వచ్చి చూసేలోపు ఈ పిల్ల చెయ్యి రోలరు ముందు ఉంటుంది" అంది ఇత్సుకో.

"అందరం కలిసి మర్యాదగా ఒక వినతిపత్రం..." అని ఎవరో నసిగారు.

"ఇన్నాళ్లూ మర్యాద తప్ప ఇంకేం చేశాం? మర్యాదకి మూడు వేళ్లు పోయాయి. రేపు ఈ పిల్ల అన్నట్టే అందాం. తీగ తియ్యి అందాం. తీసేదాకా దుప్పటి ముట్టుకోవద్దు."

"తియ్యి అనా? చీఫ్‌ని?"

మీకు నవ్వు రావచ్చు. ఆ ఊళ్లో పైవాణ్ణి నువ్వు అనడం అంటే చెంప మీద కొట్టడంతో సమానం. ఏళ్ల తరబడి వంగిన నడుములవి, నాలుకలు కూడా వంగిపోయాయి. ఒక్కొక్కరే అని చూశారు. "తీ... తీయండి" అని ఒకామె నాలిక కరుచుకుంది. "దయచేసి తియ్యి" అని ఇంకొకామె. లువా టీచరులా నిలబడి వేలు ఊపింది. "దిండు వద్దు. మళ్లీ చెప్పు." హత్సుమి చాలా రోజుల తర్వాత నవ్వింది. వాళ్లు ఇళ్లకు బయల్దేరేసరికి ఆ మాట అందరి నోటా తిరిగింది.

మర్నాడు పొద్దున కుజిరాయి స్టూలెక్కి, "రిపోర్టులు ఏమన్నా ఉన్నాయా?" అన్నాడు. రోజూ అడిగేదే. రోజూ ఎవరూ ఏమీ అనరు.

ఇత్సుకో ఒకడుగు ముందుకేసింది. "రెండో మెషీన్ కడ్డీకి తీగ ఉంది. తీగ తియ్యి."

కుజిరాయి సరిగా విన్నానా అన్నట్టు చూశాడు. ఈలోపు హొనామి ముందుకొచ్చింది. "రెండో మెషీన్ కడ్డీకి తీగ ఉంది. తీగ తియ్యి." తర్వాత ఆమె పక్కనున్నామె. తర్వాత లువా. వరసలో చివరిదాకా అదే మాట వెళ్లింది. చివర శిగెనో ఉంది, మాట రాత్రే ఆమె ఇంటికీ చేరింది. ఆమె కుజిరాయి ముందుకొచ్చి, సంచిలోంచి ఇంటి వెనక పెంచిన పాలకూర కట్ట తీసి అతని చేతిలో పెట్టింది. దాని వేళ్లకు ఇంకా మట్టి ఉంది.

"ఇదిగో రిపోర్టు. తీగ తియ్యి."

కుజిరాయి ముఖం ఎర్రబడింది. పాలకూర ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "మీరు చెప్పిన విషయం సానుకూలంగా పరిశీలిస్తాం. ఇక మెషీన్లు వేయండి."

ఎవరూ కదల్లేదు. తర్వాత జరిగింది ముందు అనుకున్నది కాదు. హొనామి అంది, "సానుకూలంగా పరిశీలిస్తాం."

పక్కనున్నామె అందుకుంది. ఆ పక్కనున్నామె. కాసేపటికి ఫ్యాక్టరీ అంతా అదే మాట. నవ్వుతూ, పళ్లు కనిపించేలా, మేడమ్ గారు నేర్పినట్టే.

బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. మేడ మీద నుంచి ఫ్యాక్టరీ మేనేజర్ దిగి వచ్చాడు. "ఎవరు దీనికి నాయకురాలు? ఇత్సుకోనా? నువ్వు రేపటి నుంచి రావద్దు."

ఇత్సుకో నోరు తెరవకముందే అందరూ అన్నారు, "సానుకూలంగా పరిశీలిస్తాం."

మేనేజర్ లువా దగ్గరకు వెళ్లాడు. "నిన్ను మీ దేశం పంపించేస్తాం. అర్థమైందా? మెషీన్ దగ్గరికి పో."

లువాకు సొంతూళ్లో అమ్మ ఉంది, తీర్చాల్సిన అప్పు ఉంది. అయినా చేతులు ముందు కట్టుకుని, నేర్పినంత మేరకు చక్కగా వంగింది. "శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి. మీరు పని ఒత్తిడిలో ఉన్నారని తెలుసు." నిటారుగా లేచింది. "పోను."

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి హత్సుమి వచ్చింది. తడి దుప్పటి ఒకటి ఎడమచేత్తో తీసి కుజిరాయి మీద పడేసింది. "మెషీన్‌ది కాదు, తప్పు నాదని రాశావుగా. నువ్వు పెట్టు, ఒక్క దుప్పటి."

ఇత్సుకో వెళ్లి మెషీన్ వేసి రెండో కొస పట్టుకుంది. రోలర్లు తిరుగుతున్నాయి, ఆవిరి లేస్తోంది. కుజిరాయి తన కొస పట్టుకుని ముందుకు వంగాడు. తీగ అతని కళ్లముందే ఉంది.

"కానియ్" అన్నాడు మేనేజర్.

కుజిరాయి చేయి ముందుకు కదల్లేదు. అందరూ ఆ చేతినే చూస్తున్నారు. అది చొక్కా గుండీలదాకా వెనక్కి వచ్చి అక్కడ ఆగింది. ఇత్సుకో మెషీన్ ఆపేసింది. కుజిరాయి జేబులోంచి పటకారు తీసి, తను కట్టిన తీగను తనే విప్పాడు.

"సరే, అయింది కదా" అన్నాడు మేనేజర్. "ఇక పనిలోకి."

"అవలేదు" అంది హత్సుమి. "నిన్న ఇక్కడే మీవాళ్లు నాచేత క్షమాపణ చెప్పించారు. తప్పు నాదన్నారు. తప్పు ఎవరిదో ఇప్పుడు నువ్వు చెప్పు. ఇదే చోట, ఇందరి ముందు."

"ఆ విషయం సానుకూ..." అని మేనేజర్ నాలిక కరుచుకున్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. బయట హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఇత్సుకో కుజిరాయి స్టూలును కాలితో తోసి మేనేజర్ ముందు పెట్టింది.

"ఎక్కు" అంది.