ఆర్డిత్ తుప్పు చెయ్యి

కొందరి చెమట ఉక్కుకు పడదు. వాళ్లు తాకిన చోట తెల్లవారేసరికి ఎర్రటి వేలిముద్రలు తేలతాయి. తుపాకుల పనిచేసేవాళ్లు అలాంటివారిని తుప్పు చేతులవాళ్లంటారు, పనిబల్ల దగ్గరికి రానివ్వరు. ఆర్డిత్ ప్రూయిట్‌ది అలాంటి చెయ్యి. పెళ్లయిన మొదటి నెలలోనే భర్త ఎల్జిన్ ఆ సంగతి కనిపెట్టి, నవ్వి, ఒక జత నూలు తొడుగులు తెచ్చి ఇచ్చాడు. ముప్పై నాలుగేళ్లపాటు అవి లేకుండా ఆమె అతని పనిగదిలో అడుగు పెట్టలేదు.

ఎల్జిన్ చేసేది నీలిపూత. అందులో రంగన్నది ఉండదు. ఉక్కును అద్దంలా సానబట్టి, తేమపెట్టెలో ఉంచి పలచగా తుప్పు పట్టనిచ్చి, మరిగే నీళ్లలో ముంచాలి. ఆ తుప్పు నల్లబడ్డాక సన్నని ఉక్కుపీచుతో రుద్ది, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అలా పన్నెండుసార్లు. ఆఖరున ఆ నలుపు లోపలినుంచి లోతైన బావిలో కనిపించేలాంటి నీలం పైకి వస్తుంది. తుప్పును చెప్పుచేతల్లో పెట్టుకుని బతికే మనిషికి, మాటవినని తుప్పు చేతినిండా ఉన్న భార్య దొరికిందని ఊరంతా వేళాకోళం చేసేది.

హైవేకి అవతల రాన్స్ టాకెట్ దుకాణం తెరిచాక ఆ వేళాకోళాలు తగ్గాయి, గిరాకీ కూడా తగ్గింది. రాన్స్ వేసేది పింగాణీ కలిసిన రంగు. పిస్తోలు మీద ఇసుకను జోరుగా కొట్టి పాత పూత ఒలిచి, స్ప్రే కొట్టి, పొయ్యిలో కాలుస్తాడు. జెండాలు, పుర్రెలు, పులిచారలు, ఏది కావాలంటే అది. ఒక్లహోమా ఎండకీ చెమటకీ అది చెక్కుచెదరదు. జనం అటు వెళ్లారంటే ఆశ్చర్యమేమీ లేదు, ఎల్జిన్ కూడా ఆశ్చర్యపోలేదు.

అతను తట్టుకోలేకపోయింది వేరే సంగతి. పశువుల డాక్టరు కోసం నాలుగు నెలలు కూర్చుని అతను నీలిపూత పెట్టిన పిస్తోలు ఒకటుండేది. తన చేతిమీదుగా అంతకన్నా మంచి పని జరగలేదని అతనే అనేవాడు. డాక్టరు పోయాక కొడుకు దాన్ని అమ్మితే, రాన్స్ కొన్నాడు. ఇసుకతో ఒలిచేసి, గులాబీ రంగు మీద జీబ్రా చారలు వేసి, కౌంటీ తుపాకుల సంతలో ఎల్జిన్ బల్లకు ఎదురుగా పెట్టి, 'ప్రూయిట్ గారి పని, ఇప్పుడు చీకట్లో కూడా కనిపిస్తుంది' అని అట్టముక్క తగిలించాడు. సంతంతా పడీపడీ నవ్వింది. ఎల్జిన్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి తేమపెట్టెకు తాళం వేశాడు. ఆ తరవాత వచ్చిన ఫిబ్రవరిలో చనిపోయాడు. డాక్టర్లు గుండె అని రాశారు. ఆర్డిత్ వాళ్ల మాట కాదనలేదు. గుండె ఆగడానికి కారణం ఎక్కడ మొదలైందో మాత్రం ఆమె ఎవరినీ అడగనక్కర్లేకపోయింది.

రెండేళ్లు ఊరుకుంది. తరవాత హైవే దాటి రాన్స్ దుకాణానికి వెళ్లింది.

"ఏం పెద్దమ్మా, దారి తప్పారా?" అన్నాడు రాన్స్.

"పని కావాలి."

"నా దగ్గరా? ఎల్జిన్ గారు సమాధిలోంచి లేచొచ్చి నా పీక పిసకరూ?"

"ఆయన నీలాంటివాడు కాదులే. ఉక్కు మీద చమురు మరక లేకుండా కడగడం నాకొచ్చినంత ఈ కౌంటీలో ఎవరికీ రాదు. కావాలా, వద్దా?"

కావాలన్నాడు. నీలిపూత ప్రూయిట్ భార్య తన దగ్గర కడుగుడు పని చేస్తోందని నలుగురికీ చెప్పుకోవడంలో ఉన్న రుచిని వదులుకునే మనిషి కాదతను. ఆ జీబ్రా పిస్తోలు గాజుపెట్టెలో కౌంటరు పైన వేలాడుతూనే ఉంది. దాని కింద ఆర్డిత్ పధ్నాలుగు నెలలు తొడుగులు వేసుకుని పనిచేసింది. తుప్పు చేతి గురించిన ఆ పాత వేళాకోళం రాన్స్ చెవిన పడలేదు.

ఆ కౌంటరు దగ్గర రోజూ ఒకటే వాదన. గొడ్లు పెంచే ముసలి ఫ్లాయిడ్ కాఫీకి వచ్చి మొదలుపెట్టేవాడు.

"పిస్తోలంటే గొడ్డలి లాంటిదిరా రాన్స్. గొడ్డలికి ఎవడన్నా లిప్‌స్టిక్ పూస్తాడా?"

"మీ ట్రక్కుకి మంటల బొమ్మలెందుకు వేయించారు తాతా?" అంది ఆసుపత్రి నర్సు ట్రిష్. "నాది నెమలిరంగు చెయ్యి రాన్స్, నా గోళ్లకి కలవాలి."

"పిల్లలు బొమ్మనుకుని చేతికి తీసుకుంటారే పిచ్చిదానా!"

"పిల్లలకి అందేలా పెట్టేవాడికి నల్లదైనా ఒకటే. నాదానికి బీరువా ఉంది, తాళం ఉంది. మీది మాత్రం ట్రక్కు సీటు కింద దొర్లుతుంటుంది."

రాన్స్ పగలబడి నవ్వి ఆర్డిత్ వైపు తిరిగాడు. "మీరు తీర్పు చెప్పండి పెద్దమ్మా. ఎవరి పని గొప్ప? ఆయనదా, నాదా?"

"వానకీ చెమటకీ నీ రంగే గట్టిది" అంది ఆర్డిత్. "ఆయన ఉక్కును చూపించేవాడు. నువ్వు దాచిపెడతావు. దాచడమూ ఒక పనే, కాదనను."

"విన్నావా తాతా? సాక్షాత్తూ ప్రూయిట్ గారి భార్యే అంటోంది!"

వెనక బల్ల దగ్గర వెండెల్ ఒక్కడే నవ్వలేదు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. రాన్స్ పేరుతో బయటికి వెళ్లే బొమ్మల్లో సగానికి పైగా అతని చేతివే. టల్సాలో జరిగే రాష్ట్ర పోటీకి ఆ ఏడాది రాన్స్ పంపదలచింది రాగితల పాము చర్మంలా రంగులు వేసే పిస్తోలు. ఏడు రంగుల పొరలు, పొలుసు పొలుసుకీ రంగుకు అడ్డంగా వేరే అంటుకాగితం. ఆ పొలుసులన్నీ సన్నకత్తితో కోసింది వెండెల్, పదకొండు రోజులు. పక్క బల్ల దగ్గర ఆర్డిత్ అది రోజూ చూసింది. మధ్యాహ్నం తను వేయించి తెచ్చిన బెండకాయ ముక్కలు అతనికి పెట్టింది.

రంగు వేసే రోజు పొద్దున ఒలిచిన పిస్తోలు కడగడానికి ఆమె దగ్గరికి వచ్చింది. ఆ స్థితిలో ఉక్కు బూడిదరంగులో, పచ్చిపుండులా ఉంటుంది. దాన్ని వట్టిచేత్తో తాకడం ఆ పనిలో మహాపాపం. ఆర్డిత్ శుభ్రంగా కడిగింది, ఆరబెట్టింది. తరవాత కుడిచేతి తొడుగు విప్పి, నాలుగు వేళ్లూ పైభాగం మీద ఆనించి, చల్లదనం పోయేదాకా అలాగే ఉంచింది. మళ్లీ తొడుగు వేసుకుంది.

పొయ్యిలోంచి వచ్చినప్పుడు పాము నిజంగా పాకుతున్నట్టే ఉంది. చూసి ఆమె కూడా మెచ్చుకుంది. మూడు వారాలపాటు రంగు కింద ఏం జరుగుతోందో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

టల్సా పోటీలో ఒక ఆచారం ఉంది. చివరి మూడింటి మీదా న్యాయనిర్ణేత జిగురుపట్టీ అంటించి సర్రున లాగుతాడు. పూత నిలిస్తేనే బహుమతి. రాన్స్ కొత్త టోపీ పెట్టుకుని, చుట్టూ యాభైమంది గుమిగూడగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పని చూపించడానికి కత్తుల పెట్టె తెచ్చిన వెండెల్, ఆర్డిత్ పక్కనే ఉన్నారు. పట్టీ లేచింది. దానితోపాటు పాము చర్మమూ లేచింది. లోపల నాలుగు వేళ్ల ఆకారంలో ఎర్రటి తుప్పు.

ఎవడో ఈల వేశాడు. "పాము కుబుసం విడిచిందిరోయ్!" అన్నాడు ఇంకొకడు. ఆ తరవాత అందరూ నవ్వారు.

రాన్స్ ముఖంలో రక్తం ఇంకిపోవడం ఆర్డిత్ చూసింది. ఎల్జిన్ ముఖంలో ఆ రోజు సంతలో తను చూసింది ఇదే. దాన్ని ఆమె తీరికగా చూసింది.

"వట్టి చేతులతో ముట్టుకున్నావు కదరా!" రాన్స్ వెండెల్ మీదికి దూకాడు. "పదకొండు రోజులు దీనితో ఆడుకున్నది నువ్వే! ఇంక నా గడప తొక్కకు. ఈ రాష్ట్రంలో నీకెవడు పనిస్తాడో చూస్తాను!"

వెండెల్ వంగి తన కత్తుల పెట్టె మూసి, తాళ్లు కట్టి, చేతిలోకి తీసుకునేదాకా ఆర్డిత్ నోరు విప్పలేదు. రాన్స్ ముఖం నుంచి చూపు తిప్పుకోబుద్ధి కాలేదు ఆమెకు.

"అతను కాదు" అంది చివరికి. తొడుగు తీసి, వేళ్లను ఆ తుప్పు మరకల మీద సరిగ్గా ఆనించింది. "నేనే. తెలిసే చేశాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు."

రాన్స్ పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. ఆ మాట రాకపోవడం కోసమే ఆమె పధ్నాలుగు నెలలు ఎదురుచూసింది.

వెండెల్ బయట ట్రక్కుల మధ్య నడుస్తుంటే ఆమె వెనకే వెళ్లింది.

"నిజం చెప్పేశాను నాయనా. నీ పేరుకి మచ్చ లేదు."

అతను ఆగాడు. "నేను పెట్టె కట్టుకునేదాకా ఆగారు."

"ఆగాను."

"ఆ పొలుసులు ఎవరు కోశారో మీకు తెలుసు. నా పక్కనే కూర్చున్నారు. బెండకాయలు పెట్టారు."

"అది రాన్స్ పిస్తోలు, వెండెల్. రాన్స్ పేరు. నాకు వాడితోనే..."

"ఎల్జిన్ గారి పిస్తోలు కూడా రాన్స్ కొనుక్కున్నదే కదా, ఆర్డిత్ అమ్మా. వాడిదే. వాడిష్టం. మరి మీకెందుకు మండింది?"

ఆమె జవాబు వెతికింది. కారణం వెనక కారణాన్ని పట్టుకుని అంతదూరం నడిచొచ్చిన మనిషికి, ఆ ఒక్క ప్రశ్న దగ్గర దారి దొరకలేదు. "నీ పని చాలా గొప్పగా ఉంది" అంది.

"ఉండేది" అన్నాడు వెండెల్. ట్రక్కు ఎక్కి తలుపు వేసుకున్నాడు. వచ్చేటప్పుడు ఆమె ఆ ట్రక్కులోనే వచ్చింది. ఎక్కమని అతను అనలేదు, ఆమె అడగలేదు.

ట్రక్కు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా చూసి, బస్సు ఎక్కడ ఆగుతుందో గేటు దగ్గర మనిషిని అడిగింది. దూరమే, మైలు పైన ఉంటుందన్నాడు. ఎండలో నడక మొదలుపెట్టింది. వెండెల్ విషయంలో తను చేసింది తప్పేనని ఆమెకు స్పష్టంగా తెలుస్తోంది. అయినా, రక్తం ఇంకిపోయిన రాన్స్ ముఖం కళ్లముందు మెదిలినప్పుడల్లా ఆమె అడుగు తేలికవుతూనే ఉంది.