వేడి బిళ్ళలు

మాణిక్యమ్మ కుడి మోకాలిలో స్టీలు కీలు వేసి పది నెలలయింది. రెండు నెలలుగా ఆ మోకాలు వాచి, ముట్టుకుంటే కాలిపోతోంది. గుంటూరులో ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్స్‌రే చూసి నవ్వాడు.

“రోజంతా మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంటే మంట రాక చల్లగా ఉంటుందామ్మా?”

ఆ నవ్వుకి కూతురు శ్రీరమ్యకు ఒళ్ళు మండింది. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. ల్యాబులో పనిచేస్తుంది. స్టీలు కీలు మీద సూక్ష్మజీవులు జిగురుపొర కట్టుకుని దాక్కుంటాయనీ, వదిలేస్తే కాలికే ఎసరు పెడతాయనీ ఆమెకు తెలుసు.

“మోకాలిలో నీరు తీసి పరీక్షకు పంపండి సార్,” అని పట్టుబట్టింది.

ఐదు రోజులకు రిపోర్టు వచ్చింది. సూక్ష్మజీవులేమీ పెరగలేదు.

“చూశావుగా! పని ఎగ్గొట్టడానికి మీ అమ్మ నొప్పి నొప్పి అంటోంది,” అన్నాడు డాక్టరు.

నల్లపాడులో ఇంటికి రాగానే శ్రీరమ్య అనుమానంతో అమ్మ సంచి గుమ్మరించింది. యాంటీబయాటిక్ ఖాళీ అట్టలు నాలుగు పడ్డాయి.

“ఏంటమ్మా ఇవి? మందులేం వాడట్లేదన్నావుగా!”

“మందులెక్కడివే? వేడి బిళ్ళలు. కాయల్లో కూర్చుని వేడి చేసిందని ఆరెంపీ బాపయ్య ఇచ్చాడు.”

శ్రీరమ్య విసురుగా బాపయ్య కొట్టుకెళ్ళింది.

“నీ బిళ్ళలకి పురుగు చావలా బాబాయ్, నక్కింది! పరీక్షకి దొరక్కుండా పోయింది!”

“నేనేం విషమిచ్చానా? ఊరంతా అవే మింగుతోంది!”

“గొప్పగా చెప్పుకుంటున్నావు, సిగ్గులేదూ?”

తిరిగొస్తూ తననీ తిట్టుకుంది. మందులేమైనా వాడుతున్నావా అని అడిగింది గానీ, బిళ్ళలేమైనా మింగుతున్నావా అని అడగలేదు.

రెండు వారాలు అమ్మను బిళ్ళ ముట్టనివ్వలేదు. డాక్టరుతో పోట్లాడి మళ్ళీ నీరు తీయించింది. ఐదు రోజులకే పారేయకుండా పద్నాలుగు రోజులు ఉంచమని చెప్పి, తన ల్యాబులోనే పెట్టించింది. తొమ్మిదో రోజు పరీక్ష ప్లేటు మీద తెల్లటి చుక్కలు పొడిచాయి. నక్కిన పురుగు దొరికింది.

డాక్టరు రిపోర్టు రెండుసార్లు చదివాడు. తలెత్తకుండానే అన్నాడు: “ఆ కీలు తీసేసి, లోపల శుభ్రం చేసి, కొన్ని నెలలాగి కొత్తది వేయాలి.”

“కాలు దక్కుతుందా అయ్యా?” అంది మాణిక్యమ్మ.

“దక్కుతుందమ్మా. ఇంకా ఆలస్యమైతే చెప్పలేను.”

“మరి ఇన్నాళ్ళూ నన్ను దొంగనొప్పుల దాన్ని చేశావేంటయ్యా?”

ఆస్పత్రిలో అమ్మ గొంతు లేస్తే చెయ్యి నొక్కి ఆపడం శ్రీరమ్యకు అలవాటు. ఇప్పుడు లేచి, వరండాలో కూర్చున్న వాళ్ళందరికీ వినపడేలా తలుపు బార్లా తీసింది.